గడప కదిలిన ఇల్లు

“అవసరం ఎక్కడ ఆగుతుంది, ఆశ ఎక్కడ మొదలవుతుంది? ఆ రెంటికీ మధ్య గీత ఎక్కడుంది గురువుగారూ?” అని ఒక ఆదివారం సాయంత్రం సూరన్న అడిగాడు.

అడిగించుకున్నవారు సోమలింగం గారు. రైల్వేలో చిన్న చిన్న స్టేషన్లకు మాస్టరుగా పనిచేసి, రిటైరై, సామర్లకోటలో కాలవ పక్కన రెండు గదుల పెంకుటింట్లో స్థిరపడ్డారు. ఆయన కాషాయం కట్టలేదు, మఠం పెట్టలేదు, హుండీ అసలే పెట్టలేదు. ఆదివారం పూట పదిమంది వచ్చి చాప మీద కూర్చుంటే వాళ్ళచేత నాలుగు తత్వాలు పాడించి, వాటి మీద నాలుగు మాటలు చెప్పేవారు. చెప్పేటప్పుడు కూడా ఆయన చేతులు ఊరికే ఉండేవి కావు. చింతపండులో గింజలు తీస్తూనో, చిరిగిన సంచికి కుట్టు వేసుకుంటూనో మాట్లాడేవారు. ప్రశ్నకు వాదనతో జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. ఆయన జవాబులు ప్యాసింజరు బళ్ళలాంటివనీ, రావడం ఖాయం గానీ ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేరనీ శిష్యులు తమలో తాము నవ్వుకునేవారు.

సూరన్న ఆ శిష్యుల్లో గట్టివాడు. రైసు మిల్లులో ముప్ఫయ్యేళ్ళుగా గుమస్తా. ధాన్యమైనా వేదాంతమైనా తూకం సరిపోతే గానీ ఒప్పుకునేవాడు కాడు. ఈ ప్రశ్న కూడా అతనికి ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఆ వారమే అతను తన ఇంటి మరమ్మతుకు అంచనా వేశాడు. ఇల్లంటే రెండు గదుల డాబా, ముందు చిన్న వసారా, వెనక పొడుగాటి దొడ్డి. ఆ దొడ్డి చివర, ప్రహరీ గోడను ఆనుకుని మరుగుదొడ్డి. అతని తండ్రి కట్టించిన రోజుల్లో అది ఇంటికి ఎంత దూరముంటే అంత మర్యాద అనుకునేవారు.

అతని భార్య లోవరత్నానికి రెండేళ్ళుగా మోకాలి నొప్పి. కుడి మోకాలి చిప్ప అరిగిందనీ, గొంతుక్కూర్చోకూడదనీ, గతుకుల్లో నడవకూడదనీ డాక్టరు చెప్పాడు. ఆ రోజు ఆసుపత్రి నుంచి వస్తూ ఆటోలోనే ఆమె అడిగింది. “ఏవండీ, పడకగదిని ఆనుకుని ఓ చిన్న బాత్‌రూము కట్టించి, అందులో కూర్చునే కమోడు పెట్టిస్తే చాలండి. నాకింకేం వద్దు.” చీటీ డబ్బు రాగానే కట్టిద్దామని సూరన్న అన్నాడు. అన్నమాట మరిచిపోయే మనిషి కాడు. చీటీ డబ్బు వచ్చింది, దానికి మిల్లు ఓనరు ఇచ్చిన బోనసు కలిసింది. మొత్తం మూడు లక్షలు. బాత్‌రూముకూ, డాబా కారుతున్న చోట సిమెంటుకూ, గోడలకు సున్నానికీ కలిపి లెక్క వేస్తే ఇంకా చేతిలో లక్షకు దగ్గరగా మిగిలింది. ఆ మిగిలిన సొమ్మే అతనికి నిద్ర లేకుండా చేసింది. దాంతో గచ్చు మీద టైల్సు వేయించాలని ఉంది. అది అవసరమా, ఆశా? ఆ తగువు తీర్చుకోవడానికే గురువు దగ్గర ప్రశ్నను అంత గంభీరంగా పెట్టాడు.

పక్కన కూర్చున్న రిటైర్డు తాసీల్దారు గారొకరు వెంటనే గొంతు సవరించుకుని, దేహానికి కావలసింది అవసరమనీ, మనసుకు కావలసింది ఆశ అనీ తీర్పు చెప్పేశారు. ఇంకొకాయన దాన్ని ఖండించాడు. ఇద్దరూ కాసేపు పోట్లాడుకున్నారు. సోమలింగం గారు చింతగింజలు ఒక పక్కకు నెట్టి, “పని ఎప్పుడు మొదలెడుతున్నావు?” అని సూరన్నను అడిగారు.

“వచ్చే బుధవారం అండి. జ్యేష్ఠం వెళ్ళేలోపల అయిపోవాలి.”

“మంచిది. మధ్యలో ఓసారి పిలువు. వచ్చి చూస్తాను.”

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఉన్న ఇంటిని బాగుచేయించి చూడమని మాత్రం ఎవరూ అనలేదు. బహుశా అంత మాట అనడానికి పెద్దలకు కూడా నోరు రాలేదు. కొత్త ఇల్లయితే హద్దులుంటాయి. పాత ఇంటికి చెయ్యి పెడితే ఎక్కడ తియ్యాలో తెలియదు. బుధవారం పొద్దున్న పైడిరాజు మేస్త్రి వచ్చి, పడకగది గోడ తట్టి చూసి, “ఎలాగూ ఇల్లు కదుపుతున్నాం గదండి, పనిలో పని, గచ్చు మీద టైల్సు పరిపించేద్దురూ. మళ్ళీ మళ్ళీ పెట్టుకునే పని కాదు” అన్నాడు. సూరన్న మనసులో ఉన్న మాట మేస్త్రి నోట వచ్చింది. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. గురువుగారు పెదవి విప్పకపోయినా ప్రశ్న తేలిపోయిందని సూరన్న సంతోషించాడు.

‘ఎలాగూ’ అనే మాట చాలా పెద్దమనిషిలా ఇంట్లోకి వస్తుంది. చుట్టాలను కూడా వెంట పెట్టుకొస్తుంది. పాత గచ్చు మీద టైల్సు పరిచేసరికి నేల పైకి లేచింది. నేల లేచేసరికి వీధి గుమ్మం గడప నేలలో కలిసిపోయింది. పసుపు రాయడానికి రత్నం వంగి చూస్తే గడప ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. సిద్ధాంతి గారిని పిలిస్తే ఆయన కళ్ళజోడు సర్దుకుని, “గడప నేలతో సమానమైతే ఇంట్లో లక్ష్మి నిలవదు. లేపించాలి. ఎలాగూ లేపిస్తున్నారు కాబట్టి, పాత వేపచెక్క ఎందుకు, టేకు ద్వారబంధం పెట్టించండి” అన్నారు. అని, లేస్తూ లేస్తూ ఇంకో మాట అన్నారు. “గడప కదిలిందంటే ఇల్లు కొత్తదే. గృహప్రవేశం చేసుకోవలసిందే.”

గృహప్రవేశం అనే మాట గాలికి కాకినాడ చేరింది. అక్కడున్న సూరన్న అక్క చంటమ్మ మర్నాడే ఫోను చేసింది. “ఒరే సూరీ, నాన్న పోయాక ఆ ఇంట్లో శుభకార్యం జరగలేదురా. ముగ్గురు ఆడపడుచులం ఉన్నాం. మాకు చీరలు పెట్టి, నలుగురికీ భోజనాలు పెట్టకపోతే మా అత్తారింట్లో నా పరువేం కాను?” సూరన్నకు అక్కంటే ప్రాణం. అక్క పరువు కోసం లక్ష రూపాయలు విడిగా బ్యాంకులో వేసి, ఏమైనా సరే దాని జోలికి పోకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. నలుగురూ వస్తారంటే వీధి వైపు ఇల్లు ఎలా ఉండాలి? పాత వసారాను పడగొట్టించి పోర్టికో మొదలుపెట్టించాడు. పోర్టికో అంటే స్తంభాలు, స్తంభాలంటే గ్రానైటు. మూడు లక్షలు ఎప్పుడు దాటాయో అతను గమనించాడు గానీ అప్పటికి వెనక్కి రావడానికి వీల్లేకపోయింది. మిల్లు ఓనరు దగ్గర ఇంకో లక్షన్నర అప్పు తీసుకున్నాడు.

ఇంతలో ఆషాఢం వచ్చింది. పాత ద్వారబంధం పీకేశారు, కొత్తది వడ్రంగి దగ్గర తయారుగా ఉంది, కానీ శూన్యమాసంలో గడప ఎవరూ నిలబెట్టరు. నెల పొడుగునా సూరన్న ఇంటికి వీధి తలుపే లేదు. గుమ్మానికి నీలం టార్పాలిను కట్టి, దానికి అడ్డంగా నవారు మంచం వేసుకుని అతనే కాపలా పడుకున్నాడు. పైడిరాజు మనుషులు ఇంకో ఊళ్ళో పనికి పోయి, శ్రావణంలో కూలీ రేటు పెంచుకుని తిరిగొచ్చారు. ఇంత తెలివైన మనిషి తలుపు పీకించే ముందు పంచాంగం ఎందుకు చూడలేదని వీధిలో వాళ్ళు నవ్వుకున్నారు. చూశాడు. చూసి, ఆషాఢం వచ్చేలోపల అన్నీ అయిపోతాయనుకున్నాడు. ఇంటి పని పెట్టుకున్నవాడు అలా అనుకోకుండా ఒక్క రోజు కూడా బతకలేడు.

మరి బాత్‌రూము సంగతేమిటంటే, దానికి ఇంకో చిక్కు వచ్చింది. రత్నం చూపించిన చోటు పడకగదికి ఈశాన్యం మూల. అక్కడ మరుగుదొడ్డి కడితే ఇంటికి అరిష్టమని సిద్ధాంతి గారు చెవులు మూసుకున్నారు. వేరే చోటు ఆలోచిద్దాం, ముందు ఇవి కానీ అని సూరన్న అనుకున్నాడు. ఒకసారి రత్నం అడిగింది కూడా. “ఏవండీ, బాత్‌రూము గోడ ఎప్పుడు మొదలెడతారు?” “మూల సంగతి తేలాలి గదా రత్నం, తొందరపడితే ఎలా” అన్నాడు. ఆమె “సరే లెండి” అని బియ్యం చేటతో లోపలికి వెళ్ళింది. ఆ తర్వాత అడగలేదు. ఆమె అడగకపోవడాన్ని సూరన్న ఒప్పుకోవడం కింద జమ కట్టుకున్నాడు. అతనికి మాత్రం ఇబ్బంది లేదు. ఇంట్లో పని మొదలైనప్పటి నుంచీ పొద్దున్నే సైకిలెక్కి మిల్లుకు పోయి, అక్కడే అన్నీ కానిచ్చుకుని, స్నానం చేసి, శుభ్రంగా పౌడరు రాసుకుని కూర్చునేవాడు. మిల్లులో ఓనరు గారు కట్టించిన బాత్‌రూములు దివ్యంగా ఉండేవి.

శ్రావణంలో మంచి గురువారం చూసి ద్వారబంధం నిలబెట్టే ముహూర్తం పెట్టారు. సూరన్న స్వయంగా ఆటోలో వెళ్ళి గురువుగారిని తీసుకొచ్చాడు. అక్క చంటమ్మ ముందురోజే దిగింది. ఇరుగుపొరుగు వచ్చారు. టేకు ద్వారబంధానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మామిడాకులు కట్టారు. గడప కింద నవధాన్యాలు వేశారు. సిద్ధాంతి గారు మంత్రం చదువుతుంటే పైడిరాజు, మరో ఇద్దరూ చట్రాన్ని ఎత్తి నిలబెట్టారు. కొబ్బరికాయ నిలువునా పగిలిందని చంటమ్మ మురిసిపోయింది. సోమలింగం గారు పోర్టికోలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని గ్రానైటు స్తంభాలనూ, ఇంకా రంగు వేయని ఆర్చినీ అన్నిటినీ ఓపికగా చూశారు. సూరన్న చూపించినవాటికల్లా తల ఊపారు. పట్టు పంచెలో సూరన్న ఆ రోజు పెళ్ళికొడుకులా తిరిగాడు.

సందడి కాస్త తగ్గాక గురువుగారు సూరన్నను దగ్గరకు పిలిచి నెమ్మదిగా అన్నారు. “కడుపులో కొంచెం తేడాగా ఉంది నాయనా. దొడ్డికి వెళ్ళాలి.”

నిజంగానే ఆయనకు కడుపులో తేడాగా ఉందో లేదో మనకు తెలియదు. డెబ్భై దాటిన మనిషికి అది అనుమానించవలసిన విషయమూ కాదు. సూరన్న ముఖం మాత్రం పాలిపోయింది. “పక్కనే మిల్లండీ, ఆటో ఉంది, ఒక్క నిమిషంలో తీసుకెళ్తాను” అన్నాడు. పోనీ ఎదురింటి వాళ్ళ బాత్‌రూముకు వెళ్దామన్నాడు.

“మీ ఇంట్లో లేదా?”

“ఉందండీ. కానీ దొడ్లో అంతా సామాను, రాత్రి వాన కురిసింది...”

గుమ్మం పక్కన నిలబడ్డ రత్నం మాట అందుకుంది. “రండి బాబుగారూ, నేను తీసుకెళ్తాను. దారి నాకు తెలుసు.”

వెనక తలుపు దాటగానే ఇసుక గుట్ట, దాని పక్కన కంకర, అటు పక్క పడగొట్టిన వసారా ముక్కలు, విప్పిన టైల్సు పెట్టెలు, తుప్పు పట్టిన ఊచలు. మధ్యలో వాననీళ్ళు నిలిచిన బురద. ఆ బురదలో ఇటుకలూ, పగిలిన టైల్సు ముక్కలూ, గ్రానైటు కోసినప్పుడు మిగిలిన చెక్కలూ అక్కడొకటీ ఇక్కడొకటీ వేసి ఉన్నాయి. ఎవరో పారేశారని సూరన్న అనుకున్నాడు. రత్నం వాటి మీద అడుగులు వేయడం మొదలుపెట్టాక గాని అది దారి అని అతనికి తెలియలేదు. ఆమె చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, ఎడంకాలు ముందు వేసి, కుడికాలు మెల్లగా పక్కకు లాక్కుంటూ నడిచింది. ఒక చెయ్యి గురువుగారికి ఇచ్చింది. “ఆ ఇటుక కదుల్తుందండి, దాని మీద వద్దు. ఇదిగో, ఈ నల్ల రాయి గట్టిది. ఇక్కడ గోడ పట్టుకోండి. ఊచ ఉంది, తల వంచండి.” ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అన్నీ ఆమెకు తెలుసు. సోమలింగం గారు చెప్పినట్టల్లా విని, చిన్నపిల్లవాడిలా ఆమె వెంట నడిచారు.

నీళ్ళ బకెట్టు పట్టుకుని వెనకే బయలుదేరిన సూరన్న తొందరలో కదిలే ఇటుక మీదే కాలు పెట్టాడు. పెట్టీ పెట్టకముందే అది పక్కకు ఒరిగింది. బకెట్టుతో సహా అతను బురదలో కూలబడ్డాడు. పట్టు పంచె నడుము దాకా తడిసింది. వెనక తలుపు దగ్గర చంటమ్మ నోటికి చీర చెంగు అడ్డం పెట్టుకుంది. రత్నం వెనక్కి తిరిగి చూసి, “మీకు చెప్పలేదు కదూ” అని మాత్రం అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే సూరన్నకు ఎక్కువ గుచ్చుకుంది. చిన్నప్పటి నుంచీ ఉంటున్న ఇంట్లో, తన దొడ్లో, ఎక్కడ అడుగు వేయాలో తెలియక పడిపోయాడు.

గురువుగారు వెళ్ళి వచ్చారు, కాళ్ళు కడుక్కున్నారు. మళ్ళీ రత్నం చెయ్యి పట్టుకుని పోర్టికోలోకి వచ్చి కుర్చీలో కూర్చుని కాసిని మంచినీళ్ళు అడిగారు. ఆమె గాజు గ్లాసులో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఎండ చురుక్కుమంటోంది. ఆమె ముఖం చెమటతో తడిసి ఉంది. గురువుగారు సగం తాగి, “నువ్వు కూడా తాగమ్మా. పొద్దుటి నుంచీ నిలబడే ఉన్నావు” అన్నారు.

“వద్దులెండి బాబుగారూ. పడమట మబ్బు పట్టింది. వాన వచ్చేలా ఉంటే నేను నీళ్ళు తాగనండి.”

“అదేం?”

“తాగితే వెళ్ళాలి గదండి.” వడియాలు పెట్టలేదేమంటే ఎండ లేదు కదా అన్నంత మామూలుగా చెప్పి, గ్లాసు కోసం చెయ్యి చాపింది.

సోమలింగం గారు మిగిలిన నీళ్ళు తాగి గ్లాసు ఇచ్చారు. సూరన్న వైపు చూడలేదు. చూసి ఉంటే సూరన్నకు కొంత తేలికగా ఉండేది. తడిసిన పంచెతో స్తంభానికి ఆనుకుని నిలబడ్డ ఆ మనిషికి ఈ రెండు నెలల్లో తను చూసినవే మళ్ళీ కళ్ళ ముందుకు వచ్చాయి. భోజనం దగ్గర ఆమె గ్లాసు నిండుగానే ఉండిపోవడం చూశాడు. శ్రావణం నోములేవో పట్టిందనుకున్నాడు. పెదవులు ఎండిపోయి ఉండడం చూశాడు. సిమెంటు దుమ్మనుకున్నాడు. చూసినవన్నీ చూశాడు, ఒక్కటీ అడగలేదు. అతనికి సిగ్గు వేసింది. సిగ్గు కంటే ముందు భయం వేసింది. ఒకే ఇంట్లో మసలే మనిషి ఇన్నాళ్ళు దాహంతో ఉంటే తనకు తెలియకపోవడం ఎలా జరిగిందని. లెక్కలో అతను ఎక్కడా పొరబడలేదు. టైల్సు, ద్వారబంధం, గ్రానైటు, కూలీ, అక్క చీర, అన్నీ రూపాయితో సహా సరిగ్గానే కలిపాడు.

సాయంత్రం దీపాల వేళకు నిజంగానే వాన మొదలైంది. సూరన్న గ్లాసుతో నీళ్ళు తెచ్చి రత్నం ముందు పెట్టాడు. “తాగు. గొడుగు పట్టుకుని నేను తోడొస్తాను. ఎన్నిసార్లయినా వస్తాను” అన్నాడు.

రత్నం అతని ముఖం లోకి చూసింది. “దారి తెలిసిందా మీకు?” అంది. అని నవ్వి గ్లాసు అందుకుంది. నీళ్ళన్నీ తాగేసింది. ఆ వానలో ఇద్దరూ ఒక గొడుగు కింద దొడ్లోకి వెళ్ళి వచ్చారు. నల్ల రాయి ఏదో, కదిలే ఇటుక ఏదో ఆమె అతనికి చెప్పింది.

మర్నాడు పొద్దున్నే సూరన్న అక్కను కూర్చోబెట్టి చెప్పాడు. గృహప్రవేశం అంటే పాలు పొంగించడమే. భోజనాలు లేవు, చీరలు లేవు. ఆ లక్షతో ముందు బాత్‌రూము. ఆర్చికి రంగు కూడా ఎప్పుడు కుదిరితే అప్పుడే. చంటమ్మకు నమ్మబుద్ధి కాలేదు. “మరుగుదొడ్డి కోసం ఆడపడుచుల చీరలు ఎగ్గొట్టావని రేపు నలుగురిలో ఏమని చెప్పుకోనురా?” అంది. “ఉన్నదున్నట్టు చెప్పుకో అక్కా” అన్నాడు సూరన్న. పుట్టి బుద్ధెరిగాక అక్కకు ఎదురు చెప్పడం అతనికి అదే మొదలు. ఆమె పెట్టె సర్దుకుని మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయింది. సూరన్న బస్సు కదిలేదాకా నిలబడి ఇంటికి తిరిగొచ్చాడు. అక్క మనసు కష్టపెట్టినందుకు బాధపడ్డాడు గానీ మాట వెనక్కి తీసుకోలేదు.

ఆ శుక్రవారం, శనివారం అతను మిల్లులో కూర్చుని మళ్ళీ అంచనాలు వేశాడు. ఆదివారం అందరికంటే ముందుగా కాలవ పక్కకు చేరాడు. సోమలింగం గారు ఇంకా చాప పరవలేదు. వసారాలో కూర్చుని పాత సంచి కుట్టుకుంటున్నారు. సూరన్న ఆయన పాదాలకు దణ్ణం పెట్టి, జరిగిందంతా చెప్పాడు. అక్క అలిగి వెళ్ళడం చెప్పాడు. డబ్బు విడిగా తీసి పెట్టానన్నాడు. ఇకమీదట ఆ పని తప్ప ఇంకో పని ముట్టనన్నాడు.

“అయితే మీ సలహా ఒకటి కావాలండి” అన్నాడు చివరికి. “పడకగది పక్కన కడదామంటే ఈశాన్యం మూల పనికిరాదని సిద్ధాంతి గారు పట్టుబడుతున్నారు. వంటింటి వెనకకు జరిపితే శాస్త్రానికి సరిపోతుంది గానీ రెండు గదులు దాటి వెళ్ళాలి. అదీ కాదంటే, దొడ్లో పాతదాన్నే బాగుచేయించి కమోడు పెట్టించి, ఇంటి దగ్గర్నుంచి అక్కడి దాకా సిమెంటు దారి వేయించి, పైన రేకులు కప్పించవచ్చు. దానికి ఖర్చు సగం. మూడింటికీ విడివిడిగా లెక్క కట్టి తెచ్చాను. ఇందులో ఏది మంచిదో మీరు ఒక్క మాట చెప్పండి. రేపే పని మొదలెడతాను.”

సోమలింగం గారు సూదిలోకి దారం ఎక్కించుకునే ప్రయత్నంలో ఉన్నారు. రెండుసార్లు తప్పింది. మూడోసారి ఎక్కించి, ముడి వేసి, అప్పుడు తల ఎత్తారు.

“రత్నమ్మ ఏమందయ్యా?”

“ఆవిణ్ణి ఇంకా అడగలేదండి. ముందు మీరు చెబితే...”

“మరి ఇంత దూరం ఎందుకొచ్చావు?” అన్నారు సోమలింగం గారు.